రాధారాణి గారి బుధవారాలు

వర్జీనియా కొండల నడుమ ఉన్న ఆ చిన్న ఊళ్లో ప్రతి బుధవారం పొద్దున్న చక్రాల మీద గదిలా ఉండే ఒక తెల్లటి ట్రైలర్ వచ్చి ఎలిమెంటరీ స్కూలు కంచెను ఆనుకుని రోడ్డు పక్కన ఆగేది. లోపల చిన్న బెంచీలు, ఒక హీటరు, గోడకి ఏసుక్రీస్తు పటం. మూడో క్లాసు, నాలుగో క్లాసు పిల్లలు వరసకట్టి గేటు దాటి వెళ్లి, ఆ ట్రైలర్‌లో బైబిలు కథలు విని, పాటలు పాడి, చేతిలో తలా ఒక మిఠాయితో తిరిగొచ్చేవారు. సర్కారు బడి గోడల లోపల మతం బోధించకూడదని ఆ దేశపు సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చి చెప్పింది. తల్లిదండ్రులు ఒప్పుకుంటే, బడి స్థలానికి బయట అయితే, అభ్యంతరం లేదని తర్వాత అదే కోర్టు అంది. ట్రైలర్ కంచె దాటి లోపలికి రాకపోవడానికి కారణం అదే.

నేను ఎమ్మెస్ చదవడానికి ఆ ప్రాంతానికి వెళ్లింది 1983లో. మొత్తం మీద అక్కడ తెలుగువాళ్ల ఇల్లంటే ఒకటే, జగన్మోహన్ గారిది. ఆయన తిరుపతిలో వెటర్నరీ చదివి, వర్జీనియా ప్రభుత్వపు కోళ్ల జబ్బుల ల్యాబులో డాక్టరుగా చేరారు. ఆ లోయ నిండా కోళ్ల ఫారాలే. ఆయన భార్య రాధారాణి గారిది తెనాలి. వాళ్లమ్మాయి జయంతి. ఆదివారాలు నా భోజనం వాళ్లింట్లోనే. ఆయన్ని అన్నయ్య గారనీ ఆమెను వదిన గారనీ పిలిచేవాణ్ని. ఇక్కడ రాస్తున్న దాంట్లో మొదటి సగం అన్నయ్య గారు కారు నడుపుతూ చెప్పింది. తన గురించి తను చెప్పుకోవడం వదిన గారికి చేతకాదు. మిగతా సగం నేను కళ్లారా చూశాను.

1979లో జయంతి మూడో క్లాసులోకి వచ్చింది. ఒక బుధవారం సాయంత్రం బడి బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే బ్యాగు సోఫా మీద పడేసి, "అమ్మా, నేను లెఫ్టోవర్" అంది.

రాధారాణి గారు పొయ్యి దగ్గరున్నారు. ఆమెకు ఆ మాట ఫ్రిజ్‌లో పెట్టిన నిన్నటి కూరకు సంబంధించిన మాటగానే తెలుసు.

"ఏంటే, ఎవరన్నారు?"

"అందరూ. ట్రైలర్‌కి వెళ్లనివాళ్లం లెఫ్టోవర్స్. మేం నలుగురమే. లైబ్రరీలో కూర్చోబెడతారు. కలరింగ్ చేస్తాం. అందరికీ క్యాండీ ఇస్తారు, మాకు లేదు. నేను కూడా వెళ్తా అమ్మా, ప్లీజ్."

రాత్రి జగన్మోహన్ గారు విషయం విని తేలిగ్గా తీసుకున్నారు. "ఆ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేద్దాం రాధా. వారానికో గంట కథలు వింటే ఏమైపోతుంది? నేను మిషన్ హైస్కూల్లోనే చదివాను. రోజూ ప్రేయర్ చేశాను. ఏమైనా అయిపోయానా?"

"మీరు ప్రేయర్‌కి వెళ్లింది చదువు కోసం. అది వెళ్తానంటోంది చాక్లెట్ కోసం" అన్నారామె. "వాళ్ల దేవుడి మీద నాకు కోపం లేదండీ. దానికి నిజంగా వినాలని ఉంటే పంపుతా. మిఠాయి ఆశపెడితే మాత్రం ఏ దేవుడి దగ్గరకీ పంపను. మన దేవుడి దగ్గరకైనా సరే."

మర్నాడు ఆమె బడికి వెళ్లారు. అప్పటికి ఆమె ఇంగ్లీషు ఇంకా తడబడుతూనే ఉంది. ప్రిన్సిపల్ హార్లన్ అనే ఆయన, పొడుగ్గా ఉండి, మెత్తగా మాట్లాడే మనిషి. లైబ్రరీలో మిగిలిన పిల్లలకి ఆ గంటలో పాఠం చెప్పమని అడిగారామె. ఆయన ఇబ్బందిగా నవ్వాడు.

"చెప్పకూడదండీ. ట్రైలర్‌కి వెళ్లిన పిల్లలు వెనకబడిపోతారు కదా. ఆ గంట కొత్తగా ఏమీ నేర్పకూడదని రూలు. ఎవరో ఒక పెద్దవాళ్లు కనిపెట్టి ఉంటే చాలు. అసలు ఆ మనిషి దొరకడమే కష్టంగా ఉంది."

"నేను వస్తాను."

"మీరా?"

"పాఠం చెప్పను. పని చేయించవచ్చా?"

"ఏం పని?"

ఆయన కుర్చీ వెనకాల గోడకు ఆనించి అట్టపెట్టెలున్నాయి. నిండా లైబ్రరీ పుస్తకాలు. వెన్ను విరిగినవీ, అట్ట ఊడినవీ, కాగితాలు బయటికి వేలాడుతున్నవీ. సెలవుల్లో పారేయడానికి పెట్టారవి. రాధారాణి గారు వాటిని చూపించారు.

తెనాలిలో వాళ్ల నాన్నకి బైండింగు షాపుండేది. బోసు రోడ్డు దాటాక చిన్న సందులో. ఇంట్లో ఆడపిల్లలందరూ స్కూలు నుంచి రాగానే అచ్చయి వచ్చిన కాగితాల ఫారాలు మడిచేవాళ్లు, కుట్టేవాళ్లు. పెళ్లయి వచ్చాక ఆ పని మళ్లీ ఎప్పుడూ ముట్టలేదామె. ఇప్పుడు బుధవారాల కోసం మైదా జిగురు ఉడకబెట్టారు. అక్కడైతే పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. పిల్లల చేతులకి మంచిది కాదని ఇక్కడ మానేశారు. దబ్బనంతో ముందే చిల్లులు పొడిచి ఉంచి, మొద్దు సూదులు ఇచ్చి, నలుగురు పిల్లల్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టారు.

ఆ నలుగురిలో డేల్ అనే కుర్రాడొకడు ఉన్నాడు. తండ్రి లారీ డ్రైవరు, ఏ చర్చికీ వెళ్లడు. వాడంటే బళ్లో అందరికీ హడల్. మొదటి రోజే ఒక పుస్తకం పైకెత్తి, "దీన్ని చింపింది ఎవడో నాకు తెలుసు" అన్నాడు.

"ఈ గదిలో ఆ మాట వద్దు" అన్నారు రాధారాణి గారు. "ఎవరు చింపారో మనకి అక్కర్లేదు. మన చేతికొచ్చింది, మనం కుడతాం."

"మేం చింపకపోయినా మేమే ఎందుకు కుట్టాలి?"

ఆమె సూదిలోకి దారం ఎక్కించి వాడి చేతికిచ్చారు. వాడు కాసేపు మొహం ముడుచుకుని కూర్చుని, చివరికి కుట్టాడు. తర్వాతి వారం అందరికంటే ముందొచ్చి కూర్చున్నది వాడే.

అలా రెండేళ్లు గడిచాయి. జయంతి ఆ క్లాసులు దాటిపోయినా వాళ్లమ్మ బుధవారాలు ఆగలేదు. బడివాళ్లు ఆమెను లైబ్రరీలో సహాయకురాలిగా ఉద్యోగంలోకి తీసుకున్నారు. బాగుచేసిన పుస్తకాలు అలమారల్లోకి తిరిగి వెళ్లాయి. ఒక్కోదాని లోపలి అట్ట మీద, కుట్టిన పిల్లల పేర్లు పెన్సిల్‌తో చిన్నగా ఉండేవి. తోటి పిల్లలు ఆ పేర్లు చూసి ముచ్చటపడ్డారు. దాంతో అసలు చిక్కు మొదలైంది. ట్రైలర్‌కి వెళ్లాల్సిన పిల్లలు కొందరు వరసలోంచి జారుకుని లైబ్రరీలోకి రావడం మొదలుపెట్టారు.

అలా మొదట వచ్చినవాడు టిమ్మీ. వాన పడుతున్న పొద్దు. తడిసిన బూట్లతో వచ్చి, ఏమీ ఎరగనట్టు బల్ల దగ్గర కూర్చుని సూది తీసుకున్నాడు.

"మీ అమ్మ నిన్నెక్కడికి పంపింది?" అడిగారామె.

"ట్రైలర్‌కి. కానీ అక్కడ బోరు. నాకు ఇదిష్టం."

"నాకు కూడా నువ్విక్కడుంటే ఇష్టమే. కానీ మీ అమ్మకి చెప్పి రావాలి."

గొడుగు తీసుకుని, వాడి చెయ్యి పట్టుకుని, గేటు దాటి ట్రైలర్ దాకా నడిచారు. తలుపు తీసింది మిసెస్ ఎకర్డ్. ఆ ఊరి చర్చిలన్నీ కలిసి ట్రైలర్‌కి పెట్టుకున్న టీచరమ్మ ఆవిడ. అరవై దాటిన మనిషి, జుట్టు గట్టిగా ముడివేసి, నవ్వు తక్కువ.

"ఈ బాబు మీ క్లాసు" అన్నారు రాధారాణి గారు.

మిసెస్ ఎకర్డ్ పిల్లాడి వంకా, తడిసిన చీర అంచు వంకా చూసి, "థాంక్యూ" అని తలుపేసుకుంది. వాళ్లిద్దరి మధ్యా మొదటి సంభాషణ అంతే. ఆ తర్వాత చాలాసార్లు ఆ తలుపు తట్టాల్సి వచ్చింది. ప్రతిసారీ ఒక పిల్లో పిల్లాడో వెంట. ప్రతిసారీ ఆ పొడి థాంక్యూనే.

నేనొచ్చిన మరుసటి ఏడు, 1984 వసంతంలో, బళ్లలో ప్రార్థన గురించి దేశమంతా గొడవగా ఉంది. ప్రార్థనను తిరిగి అనుమతించాలంటూ రాజ్యాంగానికి తెచ్చిన సవరణ మార్చిలో సెనేట్‌లో వీగిపోయింది. ఆ ఊళ్లో చాలామందికి అది సొంత ఇంట్లో జరిగిన నష్టంలా తోచింది. మంగలి షాపులో కూర్చున్నా, పెట్రోలు బంకు దగ్గర నిలబడ్డా అదే మాట. బళ్లలోంచి దేవుణ్ని వెళ్లగొట్టాక పిల్లలు చెడిపోయారనీ, మత్తుమందులూ విడాకులూ అందుకే పెరిగాయనీ. ఆ ఉడుకులో ఎవరికో లైబ్రరీ గది గుర్తొచ్చింది. మన పిల్లలు ట్రైలర్ ఎగ్గొట్టి ఒక హిందూ ఆవిడ దగ్గరికి పోతున్నారట, ఆవిడ ఏం నూరిపోస్తోందో అని ఒక ఫిర్యాదు బడికి చేరింది. తల్లిదండ్రుల సమావేశంలో వచ్చి మాట్లాడమని హార్లన్ గారు ఆమెను అడిగారు.

ఆ ఆదివారం నేను అన్నం తింటుండగానే అన్నయ్య గారు మొదలుపెట్టారు.

"మానెయ్ రాధా. రిజైన్ చేసెయ్. నేను రోజూ ఆ రైతుల ఫారాల్లోకే వెళ్లాలి. వాళ్ల పిల్లలే ఆ బళ్లో ఉన్నది."

"నేను తప్పు చేశానా?"

"తప్పని నేననలేదు."

"అయితే వెళ్లి ఆ మాటే చెప్తాను. చెప్పకుండా మానేస్తే తప్పు చేసి పారిపోయిందంటారు." ఆమె నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేశారు. "శ్రీధర్, ఆ రోజు నీ కారు కావాలి. మీ అన్నయ్యకి చేతులు వణుకుతాయి."

అన్నయ్య గారు నవ్వలేక నవ్వారు. చివరికి ఆయనే నడిపారు, నేను వెనక సీట్లో కూర్చున్నాను.

బడి భోజనాల హాల్లో జరిగిందా సమావేశం. పిల్లలు కూర్చునే పొట్టి బల్లల మధ్య పెద్దవాళ్లు మోకాళ్లు మడుచుకుని ఇరుక్కుని కూర్చున్నారు. రాధారాణి గారు నేత చీర కట్టుకుని, మీద కోటు వేసుకుని ముందు వరసలో ఉన్నారు. దాణా కొట్టు నడిపే ఒకాయన లేచాడు. మొరటు మనిషేం కాదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, కళ్లలో నిజమైన దిగులుతో మాట్లాడాడు. తన పెద్దకొడుకు మత్తులో కారు గుద్దేసి జైలుకెళ్లిన సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

"మేడమ్, నాకు మీ మీద పగ లేదు. ఒకటే అడుగుతున్నాను. మంచీ చెడ్డా గురించి మీరు మా పిల్లలకి ఏం నేర్పుతున్నారు?"

రాధారాణి గారు లేచి నిలబడ్డారు. గొంతు మొదట్లో కొంచెం సన్నగా వచ్చింది.

"ఏమీ నేర్పడం లేదండీ. ఆ గంట కొత్తగా ఏమీ నేర్పకూడదని రూలు."

హాల్లో నవ్వులు లేచాయి. ఆమె నవ్వలేదు.

"పుస్తకాలు కుడతాం. అంతే."

"మీ దేవుళ్ల గురించి చెప్తారా?"

"మా దేవుడు మా ఇంట్లో ఉన్నాడు. నా కూతురికి అక్కడే చెప్తాను. బడికి తీసుకురాలేదు. ఇది నా ఒక్కదాని బడి కాదు కదా. మొదట్లో డేల్ ఉండేవాడు, వాళ్లింట్లో దేవుడే లేడు. వాణ్ని కూర్చోబెట్టి నా దేవుడి పేరు చెప్పమంటే, వాడు నాకు భయపడి చెప్పేవాడు. భయపడి చెప్పిన మాటలో మంచితనం ఏముంటుందండీ?"

దాణా కొట్టాయన టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. "దేవుడు లేకుండా మంచితనం ఎలా వస్తుందో నాకు తెలీదు మేడమ్."

"దేవుడు లేడని నేనెందుకంటాను? రోజూ దీపం పెట్టుకునేదాన్ని. మీ అబ్బాయికి మీరు చెప్పండి, మీ చర్చి చెప్తుంది. నా దగ్గరున్న గంటలో వాడి చేత ఒక మంచి పని చేయిస్తాను. రెండూ వాడికే కదా."

వెనక నుంచి ఎవరో గట్టిగా, "మరి ట్రైలర్‌లోంచి పిల్లల్ని మీరెందుకు లాక్కుంటున్నారు?" అన్నారు.

జవాబు చెప్పడానికి ఆమె నోరు తెరిచేలోగా, పక్క బల్ల దగ్గర మిసెస్ ఎకర్డ్ లేచింది.

"ఆవిడ లాక్కోలేదు. తెచ్చి అప్పగించింది" అంది. "వానలో తెచ్చింది, మంచులో తెచ్చింది. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. పిల్లలు అక్కడే ఉంటామని ఏడుస్తుంటే కూడా తెచ్చింది. నాకు ఒక్క మాట చెప్పండి. ఈవిడ కూతురు దారితప్పి నా ట్రైలర్‌లోకి వచ్చి కూర్చుని ఉంటే, మీలో ఎంతమంది వెనక్కి తీసుకెళ్లి తల్లికి అప్పగించేవాళ్లు?" హాలంతా కలయజూసింది. "నేనైతే ఉంచేసుకునేదాన్ని. దేవుడే పంపాడనుకునేదాన్ని."

ఆవిడ చేత్తో రాధారాణి గారిని చూపించింది.

"ఈవిడ ఏసుని నమ్ముకోవాలని రోజూ ప్రార్థిస్తాను. ఆ సంగతి ఈవిడకి తెలీదు, ఇప్పుడు తెలిసింది. అది వేరే మాట. కానీ నా పిల్లల్ని నేను కళ్లు మూసుకుని ఈవిడకి అప్పగిస్తాను."

కార్లో తిరిగి వస్తుంటే రాధారాణి గారు కోటు విప్పి ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత, "నా కోసం ఆవిడ ప్రార్థించడం ఏంటండీ? నేనేం జబ్బు మనిషినా?" అని చిరాకుపడ్డారు. ఆ వెంటనే ఆమెకే నవ్వొచ్చింది. అన్నయ్య గారు కారు రోడ్డు పక్కన ఆపేశారు. కళ్లు తుడుచుకుంటూ, "రాధా, ఈ రోజు నీ పక్కన కూర్చున్నందుకు నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను" అన్నారు. నేను వెనక సీట్లో చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను. 

అంతటితో అందరూ మారిపోయారనుకుంటే పొరపాటు. దాణా కొట్టాయన తన చిన్నకొడుకును వేరే ఊళ్లో చర్చివాళ్ల ప్రైవేటు బడికి మార్చాడు. లైబ్రరీ తలుపు బుధవారాలు తెరిచే ఉంచాలని బడి కమిటీ ఒక షరతు పెట్టింది. "ఎప్పుడు మూశానని?" అన్నారామె. ఇంకోవైపు, చర్చికి తప్పకుండా వెళ్లే కుటుంబాలే కొన్ని వచ్చి, మా పిల్లల్ని ఈ ఏడాది మీ దగ్గరే ఉంచుకోండి అన్నాయి. ట్రైలర్‌లో బెంచీలు ఖాళీ అవడం మొదలైంది.

గెలిచానని ఆమె సంబరపడతారనుకున్నాను. ఒక ఆదివారం వెళ్లేసరికి వంటింటి బల్ల నిండా బైబిళ్లు పరిచి ఉన్నాయి. ట్రైలర్‌వి. అన్నీ నలిగి, వెన్నులు ఊడిపోయి ఉన్నాయి. రాధారాణి గారు ఒక్కరే కూర్చుని కుడుతున్నారు.

"ఇవి స్కూల్లో పిల్లల చేత కుట్టించకూడదు కదా. ఇంటికి తెచ్చాను" అన్నారు. "ట్రైలర్ టీచరమ్మకి పిల్లలు తగ్గిపోయారు శ్రీధర్. పాపం, నా వైపు నిలబడినందుకే. పైకి ఏమీ అనదు."

సాయంత్రం మిసెస్ ఎకర్డ్ వచ్చింది. ఆ ఇంట్లోకి ఆవిడ రావడం అదే మొదటిసారట. కొత్త వెన్నుతో ఉన్న బైబిలు ఒకటి తీసి, తెరిచి, మూసి, బొటనవేలితో కుట్టు మీద నిమిరింది. దేవుడి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. అటు చూసి, ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుంది. వదిన గారు కాఫీ ఇచ్చారు. ఇద్దరూ గంటసేపు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో రాధారాణి గారు దగ్గర్లోని కాలేజీలో సాయంత్రపు క్లాసులకి వెళ్లి లైబ్రరీ సైన్సు పూర్తిచేశారు. నలభై దాటాక పరీక్షలంటే ఎంత బెదిరేవారో నాకు తెలుసు, నోట్సు ఫోన్లో నాకు అప్పజెప్పేవారు. బడి లైబ్రరీకి ఆమే అధికారి అయ్యారు. డేల్ హైస్కూలు ముగించి వడ్రంగంలో దిగాడు. మొదట చేసిన పుస్తకాల బీరువా తెచ్చి బడికి ఊరికే ఇచ్చి వెళ్లాడు.

నేను ఉద్యోగానికి టెక్సాస్ వెళ్లిపోయాక, 1988లో ఒకసారి చూసి రావడానికి వెళ్లాను. ఇంట్లో తల్లీకూతుళ్ల మధ్య యుద్ధం నడుస్తోంది. జయంతికి పదిహేడేళ్లు. ఊరి పత్రికలో సొంత పేరుతో ఒక వ్యాసం రాసింది. బడి వేళల్లో పిల్లల్ని ట్రైలర్‌కి పంపే ఏర్పాటే ఉండకూడదని, మతం నేర్పాలంటే బడి అయిపోయాక నేర్పుకోవచ్చని.

"అంకుల్, మీరే చెప్పండి" అంది నన్ను చూడగానే. "అమ్మ ఆ రూమ్‌ని నైస్‌గా చేసింది. గ్రేట్. కానీ ఆ రూమ్ ఎందుకు ఉండాలి? ఎనిమిదేళ్ల పిల్లని స్కూల్ టైమ్‌లో రెండు లైన్స్‌లో ఎందుకు నిలబెట్టాలి? దట్స్ రాంగ్. అమ్మ అడ్జస్ట్ అయింది. నేను అవను."

"మిసెస్ ఎకర్డ్ ఎంత బాధపడుతుందో ఆలోచించావా?" అన్నారు రాధారాణి గారు.

"ఆలోచించాను. ఆమె ఇంటికి వెళ్లి, ముందే చదివి వినిపించాను."

రాధారాణి గారు చేతిలో పని ఆపేశారు. "ఏమంది?"

"తప్పు రాశావంది. రెండు స్పెల్లింగ్ మిస్టేక్స్ కూడా దిద్దింది."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. వదిన గారు సంచి అందుకున్నారు. తర్వాత నాతో కలిసి కూరగాయలకి బయల్దేరినప్పుడు అన్నారు: "దాని మాటతో నేను పూర్తిగా ఒప్పుకోను శ్రీధర్. కానీ నేను గది సర్దుకున్నాను. అది గోడ ఎందుకని అడుగుతోంది. ముందే వెళ్లి ఆవిడకి చెప్పి మరీ అడుగుతోంది. నాకా వయసులో అంత ధైర్యం లేదు."

సూపర్ మార్కెట్‌లో బిల్లు కౌంటరు దగ్గర నిలబడ్డాం. వెనకున్న ఒక ముసలాయన ఆమెను గుర్తుపట్టి, కొంచెం కటువుగా, "పేపర్లో అది రాసిన పిల్ల మీ అమ్మాయేనా?" అని అడిగాడు.

రాధారాణి గారు వెనక్కి తిరిగారు. కొంగు సర్దుకుని, తల నిటారుగా ఎత్తి, ఆ కౌంటరు దగ్గరున్న వాళ్లందరికీ వినబడేలా అన్నారు.

"అవునండీ. మా అమ్మాయే. జయంతి."